కర్చీఫు వేసిన సీట్లు

రాత్రి పదకొండు దాటాక ఫోను మోగితే మా ఇంట్లో ముందు లేచేది నాన్న. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి. వేళగాని వేళ వచ్చే కబురు మంచిది కాదని ఆయన అనుభవం. "ఎవరమ్మా?" అని హాల్లోంచి అడిగాడు. "ఆఫీసు నాన్నా, పడుకో" అన్నాను.

ఆ వారం ఆన్‌కాల్ నాది. అవతల కస్టమరు తరఫున మెషీన్లు చూసుకునే అతను. "మేడమ్, మీ ప్రాసెస్ మెమరీ మొత్తం మింగేస్తోంది. స్క్రీన్‌షాట్ పంపాను, చూడండి." చూశాను. లినక్స్‌లో టాప్ అని కొడితే తెర మీద వరసలు వరసలుగా వచ్చే పట్టిక అది. మా ప్రాసెస్ వరసలో విర్ట్ అనే గడి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు. గడిలో ఉన్నది నూట ముప్పై జీబీ పైచిలుకు. ఆ మెషీన్లో మెమరీ అంతా కలిపితే 64 జీబీ.

"అరవై నాలుగు ఉన్నచోట నూట ముప్పై ఎలా వాడుతోంది మేడమ్?"

జవాబు ప్రశ్నలోనే ఉంది. శేరు నీళ్లు పట్టే కుండలోంచి రెండు శేర్లు తాగారని కాగితం మీద రాసి ఉంటే, ఆ కాగితం కొలిచింది నీళ్లని కాదు, ఇంకేదో. కానీ అర్ధరాత్రి పూట తర్కంతో ఎవరి భయమూ తీరదు. అతని పైన ఒక మేనేజరు, ఆయన పైన ఇంకొకాయన. అందరూ ఆ ఎర్ర సున్నానే చూస్తున్నారు. "లీకా మేడమ్?" అన్నాడు. మా వృత్తిలో ఆ మాట వింటే ఎవరికైనా నిద్ర ఎగిరిపోతుంది.

మా సాఫ్ట్‌వేరు చేసే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఒక తీగలోంచి వచ్చిన ప్యాకెట్‌ని చూసి, ఎటు పోవాలో తేల్చి, ఇంకో తీగలోకి తోసేయడం. తపాలా ఆఫీసులో ఉత్తరాలు గళ్లలోకి వేసే పనిలాంటిది, కాకపోతే సెకనుకి కోటి ఉత్తరాలు. ఈ కోవకి చెందిన ప్రోగ్రాములు చాలా వరకు డీపీడీకే అనే లైబ్రరీ మీద కట్టినవి. ఇంటెల్‌లో పుట్టి 2010లో బయటికొచ్చింది, 2017లో లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరింది. ప్యాకెట్‌ని లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ చేతికి ఇవ్వకుండా నెట్‌వర్క్ కార్డులోంచి నేరుగా ప్రోగ్రామే తీసుకోవడం దీని పద్ధతి. అంత వేగం కావాలంటే మెమరీతో కొన్ని వేషాలు వేయాల్సి వస్తుంది. ఆ వేషాలే టాప్ పట్టికలో ఇలా ఎర్ర సున్నాలై బయటపడతాయి.

నాతోపాటు ఆ రాత్రి మేలుకున్న జూనియర్ అమ్మాయి చాట్‌లో రాసింది: "అక్కా, పక్క గడి చూడు. రెస్ తొంభై ఎంబీయే ఉంది. అంటే మనం ఏమీ వాడట్లేదు. ఇదే పంపేద్దామా?"

విర్ట్, అంటే వర్చువల్ మెమరీ, ప్రాసెస్ తనదని చెప్పుకున్న చిరునామాల మొత్తం. రెస్ అంటే వాటిలో నిజంగా మెమరీలో కూర్చున్న భాగం. పుస్తకాల్లో ఉండేది ఇదే. ఆ లెక్కన జూనియర్ చెప్పింది కరెక్టే. నూట ముప్పై జీబీ ఉత్తుత్తిది, తొంభై ఎంబీ అసలుది. కేసు కొట్టేయొచ్చు.

నాలుగైదేళ్ల క్రితం నేను సరిగ్గా ఇదే జవాబు పంపి వాదన గెలిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ తొంభై ఎంబీ కూడా అబద్ధమే. మా ప్రాసెస్ ప్యాకెట్లని దాచుకునేది హ్యూజ్ పేజీలనే పెద్ద పేజీల్లో. వాటిని లినక్స్ రెస్‌లో కలపదు. వాటి లెక్క వేరే చోట, ప్రాసెస్ స్టేటస్ ఫైల్లో, హ్యూజ్‌టీఎల్‌బీపేజెస్ అనే ఒక వరసలో ఉంటుంది. ఆ వరసైనా 2016 జనవరిలో వచ్చిన లినక్స్ 4.4 దాకా లేదు. ఆ మెషీన్లో మేం పెట్టుకున్నవి ఒక్కో ప్రాసెసరు సాకెట్‌కి ఎనిమిది జీబీ చొప్పున పదహారు జీబీ. అంటే ఒకే ప్రాసెస్‌కి ఒకే క్షణంలో నూట ముప్పై జీబీ, తొంభై ఎంబీ, పదహారు జీబీ అని మూడు అంకెలు. మూడింటిలో ఏదీ తప్పుగా లెక్కపెట్టింది కాదు. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. మేం అడగని ప్రశ్నకి వచ్చిన జవాబుని పట్టుకుని ఒకరు భయపడుతున్నారు, ఇంకొకరు ధైర్యం తెచ్చుకుంటున్నారు.

విర్ట్ గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే నాకు తెనాలి బస్టాండు గుర్తొస్తుంది.

రేపల్లె బస్సు ప్లాట్‌ఫారం మీదకి ఇంకా తిరుగుతూ ఉండగానే కిటికీల్లోంచి కర్చీఫులు పడేవి. కర్చీఫు లేనివాళ్లు తువ్వాలు, సంచీ, గొడుగు. ఒకసారి ఒకావిడ చంటిపిల్లాణ్ణే కిటికీలోంచి అందించి సీటు మీద కూర్చోబెట్టించడం నేను కళ్లారా చూశాను. బస్సు ఆగేసరికి లోపల ఒక్క మనిషీ ఉండడు, సీట్లన్నీ మాత్రం నిండిపోయి ఉంటాయి. ఆ క్షణంలో బయటినుంచి ఎవరైనా తొంగి చూస్తే "బస్సు ఫుల్" అంటారు. విర్ట్ చూసి మెమరీ అయిపోయిందనడం అలాంటిదే.

నాన్న ఆ రూట్లో చాలా ఏళ్లు చేశాడు. వేమూరు, భట్టిప్రోలు దాటుతూ ఏ స్టేజీకి ఏ నంబరు టికెట్ దాకా తెగిందో కాగితం మీద వేసుకోవాలి. చెకింగు వాళ్లు మధ్యదారిలో బస్సాపి ఎక్కితే ముందు ఆ కాగితం, ఆ తర్వాత తలకాయలు. రెండిటికీ తేడా వస్తే అంతే సంగతులు. కొత్తగా చేరిన కుర్ర కండక్టర్లకి ఆయన చెప్పే మాట ఒకటే: "గుడ్డలు లెక్కపెట్టకురా, తలకాయలు లెక్కపెట్టు."

కెర్నెల్ చేసేదీ అదే. ప్రోగ్రాము వచ్చి "నాకు ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా కావాలి" అని ఎమ్‌మ్యాప్ కాల్‌తో అడిగితే, "సరే, రాసుకున్నాను" అంటుంది. ఒక చిన్న పద్దు వేసుకుంటుంది. మెమరీ అయితే ఇవ్వదు. ఆ చిరునామాని ప్రోగ్రాము మొదటిసారి ముట్టుకున్నప్పుడు, అక్కడ ఏమీ లేదని ప్రాసెసరు ఆగి కెర్నెల్‌ని పిలిచినప్పుడు, అప్పుడే ఒక పేజీ తెచ్చి అక్కడ పెడుతుంది. మనిషి వచ్చి కూర్చున్నప్పుడే సీటు నిండినట్టు. అప్పటిదాకా అది గుడ్డ ముక్కే.

ఇంతకీ ఆ బస్సు ఎంతది? మామూలు 64 బిట్ల ప్రాసెసరు మీద చిరునామాకి వాడేది 48 బిట్లు. అందులో సగం కెర్నెల్‌ది, మిగతా సగం, అంటే 128 టెరాబైట్లు, ప్రాసెస్‌ది. జీబీకి ఒక సీటు అనుకుంటే 1,31,072 సీట్లు. మా ప్రాసెస్ వాటిలో నూట ముప్పై చిల్లర సీట్ల మీద గుడ్డలు వేసింది. వెయ్యింటికి ఒకటి. ఇంత పెద్ద బస్సులో ఆ మూల నాలుగు కర్చీఫులు ఉంటే పిచ్చుక వాలినట్టు.

అయినా ఆ భయం ఊరికే పుట్టిందని నేననను. ఆ మేనేజర్ల తరం వృత్తిలోకి వచ్చిన రోజుల్లో మెషీన్లు 32 బిట్లవి. మొత్తం చిరునామాలే నాలుగు జీబీ, అందులో లినక్స్ ఒక జీబీ తనకి ఉంచుకుని మూడు వదిలేది. అప్పుడు బస్సులో సీట్లు నిజంగానే తక్కువ. చిరునామాలు అయిపోయి ప్రోగ్రాములు కూలిపోయేవి, పక్కన మెమరీ ఖాళీగా ఉన్నా సరే. ఆ రోజుల్లో విర్ట్ మీద కన్నేసి ఉంచినవాడే తెలివైనవాడు. బస్సు మారింది, కన్ను మాత్రం అలవాటు కొద్దీ ఆ గడి మీదకే పోతోంది. కరువు చూసిన ఇంట్లో పెద్దవాళ్లు గాదె నిండా ధాన్యం ఉన్నా గింజలు ఏరుకోవడం మానరు. దాన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

అసలు వర్చువల్ మెమరీ పుట్టిందే పేదరికంలోంచి. మాంచెస్టర్ యూనివర్సిటీలో టామ్ కిల్బర్న్ బృందం అట్లాస్ అనే కంప్యూటర్ని కట్టింది, 1962 డిసెంబరు 7న ప్రారంభించారు. దానికున్న వేగమైన కోర్ మెమరీ 16,384 పదాలు. పక్కనే నెమ్మదిగా తిరిగే డ్రమ్ము మీద ఇంకో 98,304 పదాలు. ఏది ఎప్పుడు డ్రమ్ము మీంచి కోర్‌లోకి తేవాలో అంతకుముందు ప్రోగ్రామరే తలబద్దలు కొట్టుకుని రాసుకునేవాడు. అట్లాస్ ఆ బరువు తను మోసింది. మెమరీని 512 పదాల పేజీలుగా కోసి, అవసరమైన పేజీని తనే తెచ్చి, అక్కర్లేనిదాన్ని తనే పంపించి, అంతా ఒకటే మెమరీ అన్న భ్రమ కల్పించింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'వన్ లెవెల్ స్టోర్'. లేనిదాన్ని ఉన్నట్టు నడిపించే గడుసు ఇల్లాలి సంసారం అది. ఆ సంసారం శ్రుతి మించితే ఏమవుతుందో 1968లో పీటర్ డెనింగ్ చెప్పాడు. పేజీలు తేవడం, పంపడంతోనే మెషీనుకి తెల్లారిపోతుంది, అసలు పని సాగదు. దాన్ని త్రాషింగ్ అన్నారు. అప్పు తీర్చడానికి అప్పు చేసే ఇల్లు చూసినవాళ్లకి ఇది విప్పి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా ప్యాకెట్ల ప్రోగ్రాము చూడండి. మెమరీ పుష్కలంగా ఉంది. ఒక్క పేజీ కూడా డిస్కు మీదకి పోకూడదని పట్టుబడుతుంది. నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్‌ని నేరుగా మెమరీలో రాస్తుంది కనక ఆ పేజీ చోటు కదలడానికే వీల్లేదు. వర్చువల్ మెమరీ ఏ పని కోసం పుట్టిందో ఆ పని ఒక్కటీ దీనికి అక్కర్లేదు, అయినా అందరికన్నా ఎక్కువ వర్చువల్ మెమరీ దీని పేరు మీదే కనిపిస్తుంది. నాకు ఈ వైచిత్రి అంటే ముచ్చట.

అంత పంతం ఎందుకంటే టైము లేదు. పది గిగాబిట్ల తీగ మీద అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. ముందూ వెనకా ఉండాల్సిన ఖాళీతో కలిపి 84 బైట్లు పడుతుంది. అలాంటివి వరసగా వస్తే సెకనుకి కోటీ నలభై ఎనిమిది లక్షల పైచిలుకు. అంటే ఒక్కో ప్యాకెట్‌కి 67.2 నానోసెకన్లు. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసరు ఆ వ్యవధిలో రెండు వందల సార్లు టిక్కుమంటుంది, అంతే. మెయిన్ మెమరీ దాకా ఒక్కసారి వెళ్లి రావడానికే దాదాపు అంత సమయమూ పట్టేస్తుంది. వంద గిగాబిట్ల తీగైతే అందులో పదో వంతు, 6.72 నానోసెకన్లు. రెప్పపాటు అనే మాట ఇక్కడ యుగంలాంటిది.

ఈ కాస్త వ్యవధిలో ప్రోగ్రాము ముట్టే ప్రతి చిరునామాకీ అసలు చోటు ఎక్కడో వెతకాలి. ఆ పట్టిక నాలుగు అంతస్తుల్లో ఉంటుంది. నాలుగూ ఎక్కి దిగితే ప్యాకెట్ వెళ్లిపోయినట్టే. అందుకని ప్రాసెసరు ఈమధ్యే వెతికిన చిరునామాల్ని ఒక చిన్న చీటీలో రాసి పెట్టుకుంటుంది. దాని పేరు టీఎల్‌బీ. అది మరీ చిన్న చీటీ. 2017లో వచ్చిన స్కైలేక్ సర్వర్ చిప్పులో మామూలు పేజీలకి మొదటి వరసలో 64 గళ్లు, రెండో వరసలో 1,536. మామూలు పేజీ నాలుగు కేబీ. గళ్లన్నీ నిండినా గుర్తుండేది ఆరు ఎంబీ. మా బఫర్లు ఒక సాకెట్ మీద ఎనిమిది జీబీ. నాలుగు కేబీల ముక్కలుగా కోస్తే 20,97,152 పేజీలు. గుర్తుండే ముఖాలు పదిహేను వందలు, ఎక్కిన జనం ఇరవై లక్షలు.

నాన్న బుర్ర కూడా ఇలాగే పనిచేసేది. టికెట్ తీసుకున్న ముఖాలు ఒక ముప్పై దాకా ఆయనకి గుర్తే, అడగకుండా దాటి వెళ్లిపోయేవాడు. సంతరోజు నూరుమంది ఎక్కితే గుర్తుండదు, ప్రతివాణ్ణీ "టికెట్ టికెట్" అని అడగాల్సిందే, బస్సు నత్తలా కదిలేది. అదే పెళ్లివారు ఎక్కారనుకోండి, నలభైమందికీ ఒక పెద్దాయన టికెట్లు తీసుకుంటాడు. ఇక నాన్న నలభై ముఖాలు గుర్తుపెట్టుకోడు. పెళ్లివారు అని ఒక్కటే గుర్తు.

హ్యూజ్ పేజీలంటే ఈ పెళ్లివారే. రెండు ఎంబీల పేజీలైతే ఎనిమిది జీబీకి 4,096 చాలు. ఒక జీబీ పేజీలైతే సరిగ్గా ఎనిమిది. ఒక జీబీ పేజీలకి చీటీలో ఇచ్చే గళ్లు వేరే, అవి చాలా తక్కువే, అయినా ఎనిమిదికి సరిపోతాయి. ఇరవై లక్షల ముఖాలు ఎనిమిది అయ్యాయి.

తెల్లారి కాఫీ తాగుతూ నాన్న అడిగాడు, రాత్రి ఏమైందని. మా ఆఫీసు విషయాలు ఆయనకి చెప్పడం నాకు ఇష్టం, ఎందుకంటే ఆయన అర్థమైనట్టు నటించడు. కర్చీఫుల కథ చెప్పాను.

"నూట ముప్పై సీట్లకి మీవాడు గుడ్డలేస్తే మిగతా జనం నిలబడాలిగా? అతను అరిచాడంటే అరవడా?" అన్నాడు.

"లేదు నాన్నా, ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కో బస్సు. ఎవరి బస్సు వాళ్లదే. ఇందులో గుడ్డ వేస్తే ఇంకొకరికి సీటు తగ్గదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "బస్సు మొత్తం తనదే అయినప్పుడు ఇంక కర్చీఫు ఎందుకమ్మాయ్?"

ఇన్నేళ్లలో ఏ రివ్యూ మీటింగులోనూ నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు. నిజమే, ఎందుకు? జవాబు కోసం కాస్త వెనక్కి వెళ్లాను.

2018 మే దాకా డీపీడీకే పద్ధతి వేరు. ప్రోగ్రాము మొదలవగానే తనకి కావలసిన పెద్ద పేజీలన్నీ ఒక్కసారే పట్టుకునేది, ఆగిపోయేదాకా వదిలేది కాదు. చెప్పుకున్నదీ వాడుకున్నదీ ఇంచుమించు ఒకటే కనక విర్ట్ కూడా బుద్ధిగా ఉండేది. చూసేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే పట్టుకున్నది రేపు అక్కర్లేకపోయినా తిరిగివ్వదు, ఎల్లుండి ఎక్కువ కావాలన్నా తీసుకోలేదు. ఆ మేలో వచ్చిన 18.05 నుంచి కావలసినప్పుడు పేజీ తెచ్చుకుని, అక్కర్లేనప్పుడు తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. మర్యాదస్థుడి పద్ధతి. కానీ రేపు పెరిగితే ఆ పెరిగేది ఎక్కడ కూర్చోవాలి? అందుకని పెరగగలిగినంత చోటుకీ ముందే గుడ్డ వేసి పెడుతుంది. మామూలు అమరికలో ఒక్కో సాకెట్‌కి, ఒక్కో సైజు పేజీకి 64 జీబీ దాకా. రెండు సాకెట్లు, ఒక సైజు పేజీ. నూట ఇరవై ఎనిమిది అక్కడికక్కడే అయిపోయింది. మిగిలిన చిల్లర ప్రోగ్రాము సొంత ఖర్చు. అంటే పూర్వం అన్నీ నొక్కిపెట్టి కూర్చున్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, పద్ధతిగా ఉండటం నేర్చుకున్నాక దొంగని చేశారు.

"బస్సు తనదే నాన్నా, కానీ ఎక్కేది ఒక్కడే కాదు. లైబ్రరీలని ఉంటాయి, థ్రెడ్డులని ఉంటాయి, అవన్నీ ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటాయి. పైగా భద్రత కోసమని కెర్నెల్ వాటిని కావాలని తలోచోటా కూర్చోబెడుతుంది. మనకేమో పెళ్లివారంతా ఒకే వరసలో కావాలి. ముందే గుడ్డ వేయకపోతే మధ్యలో ఎవడో వచ్చి కూర్చుంటాడు."

"అదీ!" అన్నాడు.

"ఇంకోటుంది. ఒక్కోసారి ఇదే పెళ్లివారికి రెండో బస్సు కూడా ఉంటుంది. లెక్కలు చూసే ప్రాసెస్ ఒకటి, ప్యాకెట్లు తోసే ప్రాసెస్ ఒకటి, మెమరీ మాత్రం ఇద్దరికీ ఉమ్మడిది. పద్నాలుగో సీట్లో పెదనాన్న ఉన్నాడని ఈ బస్సులో చీటీ రాసిస్తే, ఆ బస్సులోనూ పద్నాలుగో సీట్లోనే ఉండాలి. లేకపోతే ఆ చీటీ పట్టుకెళ్లి ఎవరినో పలకరిస్తారు."

ఇక్కడ నాన్న నవ్వాడు కానీ, అసలు గందరగోళం దీనిలోనే ఉంది. ఇలా ఉమ్మడి మెమరీని పట్టుకున్న ప్రాసెస్‌లు అయిదుంటే అయిదింటి విర్ట్‌లోనూ ఆ నూట ముప్పై కనిపిస్తుంది. ఎవరో ఒకరు స్ప్రెడ్‌షీట్లో కూడి ఆరు వందల యాభై అని మెయిల్ పెడతారు. ఉమ్మడి పొలం ఎకరాలు అయిదుగురు అన్నదమ్ములూ ఎవరికి వారు తమ లెక్కలో చెప్పుకుంటే ఊరి విస్తీర్ణం కన్నా వాళ్ల పొలం పెద్దదవుతుంది. కూడికలో తప్పు లేదు, కూడటమే తప్పు.

మేమొక్కళ్లమే ఈ పని చేస్తామని కాదు. మామూలు ప్రోగ్రాములోనూ మెమరీ పంచిపెట్టే లైబ్రరీ జీలిబ్‌సీ థ్రెడ్డుకొక అరీనా తెరిస్తే 64 ఎంబీ చిరునామాలు ఆపి ఉంచుతుంది, స్టాకు పేరుతో ఇంకో ఎనిమిది ఎంబీ. ఇరవై థ్రెడ్డులు తెరిచి ఊరికే కూర్చున్న ప్రోగ్రాము కూడా విర్ట్‌లో ఒకటిన్నర జీబీ దగ్గర కనిపించొచ్చు. కర్చీఫు వేయడం ఈ కాలపు ప్రోగ్రాములన్నిటికీ అలవాటే.

అలాగని కర్చీఫులకి ఖర్చే లేదని నేను మెయిల్లో రాయలేదు. ఉంది, ఇంకోరకంగా. మెమరీ అంతా కదలకుండా కట్టేయమని చెప్పే కాల్ ఒకటుంది, ఎమ్‌లాక్‌ఆల్. గుడ్డలకీ మనుషులకీ దానికి తేడా తెలియక అన్నిటినీ కట్టబోతే గంటలు కొట్టుకుంటుంది, లేదా పడిపోతుంది. ముట్టుకున్నాకే కట్టు అని చెప్పే వీలు కూడా ఆ లినక్స్ 4.4లోనే వచ్చింది. ప్రోగ్రాము కూలినప్పుడు శవపరీక్ష కోసం మెమరీ అంతా ఫైల్లోకి దించుతారు కదా, ఆ కోర్ డంపు ఖాళీ సీట్లని కూడా ఫొటో తీయబోతే డిస్కు నిండుతుంది. వీటిని దించకు అని కెర్నెల్‌కి ముందే చెప్పి ఉంచాలి. ఇక విర్ట్ మీద పరిమితి పెట్టే పాతకాలపు యూలిమిట్ ఉన్నచోట మా ప్రోగ్రాము గడప దాటదు. ఈ మూడూ నేను దెబ్బతిని నేర్చుకున్నవే, ఒక్కోటి ఒక్కో రాత్రి.

లీకా అన్న అతని ప్రశ్నకి మాత్రం జవాబు అంకెలో లేదు, గీతలో ఉంది. పెద్దగా ఉండటం లీకు కాదు, పెరుగుతూ పోవడం లీకు. గత నెల రోజుల గ్రాఫు తీయించాను. విర్ట్ మొదలైన రోజు ఎక్కడుందో అక్కడే, చెరువు నీళ్లలా కదలకుండా ఉంది. పెద్ద పేజీల గీత కూడా అంతే. ఆ రెండు గీతలూ మెయిల్లో పెట్టి, అలారం విర్ట్ మీంచి తీసేసి హ్యూజ్‌టీఎల్‌బీపేజెస్ వరస మీద పెట్టుకోమని రాశాను. అతను మర్యాదగా "థ్యాంక్యూ మేడమ్, మా సార్‌కి కూడా ఇదే అర్థమయ్యేలా రెండు లైన్లలో రాస్తారా" అని జవాబిచ్చాడు. రెండు లైన్లలో రాయడానికి గంట పట్టింది. కర్చీఫు ప్రస్తావన తీసేశాను. వాళ్ల సార్ ఏ ఊరివాడో తెలీదు, బస్సెక్కి ఎన్నేళ్లయిందో అంతకన్నా తెలీదు.

మెయిల్ పంపుతుండగా నాన్న వెనకాల నిలబడి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇందులో తలకాయలు ఎక్కడ?"

స్టేటస్ ఫైలు పైకి జరిపి హ్యూజ్‌టీఎల్‌బీపేజెస్ వరస చూపించాను. పదహారు జీబీ అని చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తెర మీద వేలు ఆనించకుండా గాల్లోనే జరుపుతూ, అంకెల్ని కుడినుంచి ఎడమకి విడగొట్టుకున్నాడు. బస్సు డిపోకి చేరాక సంచీ విప్పి కూర్చునేటప్పుడు ఆ పెదవులు అలాగే కదిలేవి.

"కోటీ అరవై ఏడు లక్షల డెబ్భై ఏడు వేల రెండు వందల పదహారు."

"కేబీల్లో నాన్నా. అంటే పదహారు జీబీ."

"పదహారు అని నువ్వంటున్నావ్. వాడు చిల్లరతో సహా రాశాడు." కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. "వీడెవడో లెక్క అప్పజెప్పడం వచ్చినవాడేనమ్మాయ్."